జాయప సేనాని

కాకతీయుల కాలంనాటి తెలుగుదేశంలో కత్తి పట్టిన చేతితోనే గంటం పట్టిన వీరుడు జాయప సేనాని. అతడు కాకతి గణపతిదేవ చక్రవర్తి గజసైన్యానికి అధిపతి. వెలనాడును పాలించిన మండలాధీశుడు. నృత్తరత్నావళి అనే సంస్కృత లక్షణగ్రంథానికి కర్త. ఏనుగుల బలాన్ని నడపడమూ, నర్తకి పాదం కదిలే తీరును సూత్రీకరించడమూ ఒకే వ్యక్తికి సాధ్యం కావడం నేటివారికి ఆశ్చర్యం కలిగించవచ్చు. అయితే జాయప జీవితంలో అంతకంటె గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. ఒక రాజు ఒక గురువును నియమించాడు. ఆ గురువు ఒక బాలునికి విద్య గరపినాడు. ఆ బాలుడు పెద్దవాడై తాను నేర్చినదాన్ని గ్రంథస్థం చేశాడు. ఈ మూడు పనులలో ఏ ఒక్కటి జరుగకపోయినా తెలుగువారి నాట్యచరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మనకు దక్కి ఉండేది కాదు.

జాయప కాలపు నృత్యకళను కన్నులారా చూడదలచినవారు పాలంపేటకు వెళ్లాలి. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండి, 2019 నుండి ములుగు జిల్లాలో చేరిన చిన్న గ్రామమది. అక్కడి రుద్రేశ్వరాలయాన్ని జనులు రామప్ప గుడి అని పిలుస్తారు. ఆలయ నిర్మాణంలో ప్రధాన శిల్పి రామప్ప అనీ, అతని పేరే గుడికి స్థిరపడిందనీ ప్రతీతి. కట్టించిన ప్రభువు పేరును మించి, పనిచేసిన కళాకారుని పేరు లోకుల నోట నిలవడం అరుదైన సంగతి. నక్షత్రాకారంలో ఉన్న ఎత్తైన పీఠం, ఎర్రని ఇసుకరాతి గోడలు, అద్దంవలె నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు, తేలికైన ఇటుకలతో లేచిన విమానం ఆ గుడికి ప్రత్యేకతలు. మహామండపం వెలుపలి స్తంభాల పైభాగాన ఏటవాలుగా నిలిచిన మదనికల మూర్తులు చూపరుల దృష్టిని ముందుగా ఆకర్షిస్తాయి. లోపలికి అడుగిడితే స్తంభాల మీద, దూలాల మీద నర్తించే స్త్రీపురుషులు, మద్దెలలు వాయించేవారు, వరుసదీరి కోలాటమాడేవారు కనిపిస్తారు. ఒక్కొక్క బొమ్మ అరచేతి పరిమాణంలో ఉన్నా, వంగిన నడుము, మోపిన మడమ, చాచిన చేయి స్పష్టంగా తెలుస్తాయి.

ఈ ఆలయాన్ని 1213లో ప్రతిష్ఠించినవాడు రేచర్ల రుద్రుడు. అతడు గణపతిదేవుని సేనాపతి. కాకతీయ రాజ్యం పెద్ద ఆపదలో పడిన సమయంలో దానిని నిలబెట్టిన స్వామిభక్తుడు. గణపతిదేవుని తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిపిన యుద్ధంలో ప్రాణాలు కోల్పోయాడు. యువకుడైన గణపతిదేవుడు శత్రువులకు చిక్కి బందీ అయ్యాడు. రాజు లేని రాజ్యం సామంతుల తిరుగుబాట్లకు లోనైనప్పుడు రేచర్ల రుద్రుడు దానిని కాపాడాడు. కొంతకాలానికి యాదవరాజు జైతుగి గణపతిదేవుణ్ణి విడిచిపెట్టాడు. 1199లో గణపతిదేవుడు ఓరుగల్లు సింహాసనాన్ని అధిష్ఠించి, 1262 వరకు అరవై ఏండ్లకు పైగా పాలించాడు. పరాయి కోటలో బందీగా రోజులు గడిపిన రాజు ఆ తరువాత పరాజితుల విషయంలో ఎట్లా ప్రవర్తించాడన్నది జాయప కథకు మూలం.

రాజ్యం చేతికి వచ్చిన పిదప గణపతిదేవుడు తూర్పుతీరం మీదికి సైన్యాన్ని నడిపాడు. పదమూడవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వెలనాటి చోళుల బలం అణగారింది. కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమ కూడా కాకతీయుల వశమైంది. ఆ సీమను అప్పటివరకు ఏలుతున్నది అయ్య వంశం. జాయప ఆ వంశంలో జన్మించిన బాలుడు. ఓడిన ప్రభువుల పిల్లలకు ఆ కాలంలో సాధారణంగా పట్టే గతి చెరసాల లేదా దేశాంతరవాసం. దివిసీమలో అట్లా జరుగలేదు. గణపతిదేవుడు ఆ వంశంతో సంధి చేసుకొన్నాడు. జాయప సోదరీమణులైన నారాంబను, పేరాంబను వివాహమాడాడు. బాలుడైన జాయపను వెంటబెట్టుకొని ఓరుగల్లుకు తీసుకొనిపోయాడు.

ఆ ప్రయాణంలో జాయప మనస్సు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పుట్టిన ఊరు ఉప్పుగాలులు వీచే సముద్రతీరం. చేరబోయే ఊరు రాతికోటల ఓరుగల్లు. తన వంశం ఓడింది. గెలిచినవాడు ఇప్పుడు బావగారయ్యాడు. రాచనగరులో అతనికి భోజనానికీ వస్త్రాలకూ లోటుండదు కాని, అతడు అక్కడ అతిథియా, బంధువా, బందీయా అన్నది అతనికే స్పష్టంగా తెలిసి ఉండదు. అటువంటి బాలుణ్ణి కోటలో ఒక మూల ఉంచి మరచిపోవడం రాజుకు సులభమే. గణపతిదేవుడు ఆ పని చేయలేదు. బాలునిలోని చురుకుదనాన్ని, వినయాన్ని గమనించాడు. అతనికి విద్య చెప్పించాలని సంకల్పించాడు. సామంతుల బిడ్డకు ఆయుధవిద్య ఎటూ తప్పదు. దానితో పాటు నృత్యకళ నేర్పడానికి గుండామాత్యుడు అనే విద్వాంసుణ్ణి ప్రత్యేకంగా గురువుగా నియమించాడు.

ఈ నియామకంలో ఒక విశేషమున్నది. రాజాస్థానంలో నృత్యం వినోదంగా ఉండడం వేరు, దానిని విద్యగా భావించి అధ్యాపకుణ్ణి ఏర్పాటు చేయడం వేరు. వినోదానికి నర్తకులు చాలు. విద్యకు గురువు కావాలి, శిష్యుడు కావాలి, ఇద్దరికీ తీరిక కావాలి. గణపతిదేవుడు ఆ తీరికను కల్పించాడు. తాను జయించిన సీమ నుండి వచ్చిన కుర్రవానికి యుద్ధంలో పనికివచ్చే విద్యతో సరిపెట్టక, సున్నితమైన కళను కూడా అందించాడు. ఓడినవాని చేతి నుండి ఖడ్గం లాక్కొనడం గెలుపులో ఒక భాగం మాత్రమే. అతని శక్తిని తన దేశానికి మేలు చేసే మార్గంలో పెట్టడం అంతకంటె పెద్ద గెలుపు. ఆ మాట గణపతిదేవుడు నోటితో చెప్పనక్కరలేదు; చేసి చూపించాడు.

గుండామాత్యుని పని తేలికయినది కాదు. కావ్యమైతే శిష్యుడు ఒంటరిగా కూర్చుండి చదువుకొనగలడు. నృత్యం అట్లా అబ్బదు. పాదం ఎంత ఎడంగా పెట్టాలో, మోకాలు ఎంత వంగాలో, చూపు చేతిని ఎప్పుడు అనుసరించాలో గురువు ఎదుట నిలబడి చేసి చూపితేనే శిష్యునికి తెలుస్తుంది. శిష్యుడు తప్పు చేసిన ప్రతిసారీ దిద్దాలి. దిద్దినది మరునాటికి నిలిచిందో లేదో పరీక్షించాలి. నెలల తరబడి ఒకే అడుగును వేయిస్తూ శిష్యునికి విసుగు కలుగకుండా చూడాలి. చిత్రలేఖనమైనా, సంగీతమైనా, శిల్పమైనా అంతే. కళలన్నీ ఒకరి చేతినుండి మరొకరి చేతికి సాగే విద్యలు. నడుమ ఒక్క తరం గురువులు లేకపోతే గొలుసు తెగిపోతుంది. తెగిన గొలుసును మళ్లీ అతకడం ఎంత కష్టమో తరువాతి చరిత్ర నిరూపించింది.

నేర్చుకొనేవానికి ఆనాటి ఓరుగల్లు పరిసరాలు కూడా పాఠశాలవలె ఉండేవి. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి అప్పటికే వెలసి ఉన్నది. కాకతీయుల ఆలయాలలో గర్భగుడికి ఎదుటి మండపం మధ్యలో రంగశిల ఉంటుంది. దేవుని సన్నిధిలో నృత్యం జరుగడానికి అది వేదిక. చుట్టూ ఉన్న స్తంభాల మీద శిల్పులు నర్తకుల భంగిమలను చెక్కేవారు. నర్తకులు ఆడేది శిల్పులు చూచేవారు. శిల్పులు చెక్కినది నేర్చుకొనేవారు చూచేవారు. ఈ విధంగా ఒక కళ మరొక కళకు తోడ్పడింది. గురువు చెప్పిన పాఠం ఇంటికి వచ్చే దారిలో రాతి మీద మరల కనబడే భాగ్యం ఆనాటి శిష్యులకు లభించింది.

జాయప పెరిగి పెద్దవాడై రాజు నమ్మకాన్ని చూరగొన్నాడు. గణపతిదేవుడు అతణ్ణి గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి నాయకునిగా నియమించాడు. 1213 ప్రాంతంలో, పాలంపేటలో రుద్రేశ్వర ప్రతిష్ఠ జరిగిన రోజులలోనే, నేటి గుంటూరు జిల్లాలోని చేబ్రోలు అతనికి లభించింది. దానికి ఆనాడు తామ్రపురి అని పేరు. అక్కడ నుండి జాయప వెలనాటి ప్రాంతాన్ని పరిపాలించాడు. బాల్యంలో ఓడినవాడుగా ఓరుగల్లు చేరినవాడు యౌవనంలో అధికారిగా తన ప్రాంతానికి తిరిగివచ్చాడు. ఆ అధికారాన్ని అతడు పగ తీర్చుకొనడానికి వాడుకొనలేదు. గణపతిదేవుని పాలన కడవరకు విశ్వాసపాత్రుడుగానే ఉన్నాడు.

జాయప జీవితాన్ని పరిశీలిస్తే అతడు మూడు ఋణాలను తీర్చుకొన్నట్లు తోస్తుంది. మొదటిది పితృఋణం. చేబ్రోలులో తండ్రి పేరిట చోడేశ్వరాలయాన్ని నిర్మించాడు. రెండవది రాజఋణం. 1231లో దివిసీమలో, తన వంశం ఓడిన ఆ నేల మీదనే, తన ప్రభువు పేరిట గణపేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు. ఆ ఆలయం వెలసిన ఊరు నేటికీ గణపేశ్వరం అనే పిలువబడుతున్నది. మూడవది గురుఋణం. దానికి అతడు రాతిని ఆశ్రయించలేదు. గురువు నేర్పిన విద్యనే గ్రంథంగా రచించి, అందులో ఆ గురువును స్మరించాడు. గుండామాత్యుని పేరు ఏడువందల డెబ్బది ఏండ్ల తరువాత కూడా మనం తలచుకొంటున్నామంటే శిష్యుడు ఆ పేరు చెప్పడమే కారణం.

నృత్తరత్నావళి రచన 1253-54లో పూర్తి అయింది. గుండామాత్యుని వద్ద చదువుకొన్న రోజులకూ, ఈ గ్రంథానికీ మధ్య నాలుగు దశాబ్దాలకు పైగా గడిచాయి. ఆ కాలమంతా జాయప సైన్యాలను నడిపాడు, పన్నులు వసూలు చేయించాడు, గుడులు కట్టించాడు. అయినా చిన్ననాడు నేర్చిన నృత్యవిద్యను విడిచిపెట్టలేదు. వార్ధక్యం సమీపించే వేళ కూర్చుండి ఎనిమిది అధ్యాయాల గ్రంథం రచించాడు. బాల్యంలో శ్రద్ధతో నాటిన కళ ఎంతకాలమైనా ఎండిపోదనడానికి ఇది ఉదాహరణ. ఇంచుమించు అదే యుగంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరాన్ని రచించాడు. ఒకనాడు యుద్ధభూమిలో తలపడిన రెండు రాజ్యాలు కళాశాస్త్రాలలో కూడా పోటీపడినట్లయింది. ఈ రెండవ పోటీలో ఓడినవారు లేరు.

నృత్తరత్నావళిలో మొదటి నాలుగు అధ్యాయాలు మార్గ నృత్తాన్ని వివరిస్తాయి. భరతముని నాట్యశాస్త్రాన్ని అనుసరించి దేశమంతటా పండితులు అంగీకరించిన సంప్రదాయానికి మార్గమని పేరు. శిరస్సు, చూపు, హస్తం, పాదం మొదలైన అంగాల కదలికలను, అవి కలిసి ఏర్పడే కరణాలను జాయప అక్కడ వివరించాడు. మిగిలిన నాలుగు అధ్యాయాలు దేశి నృత్తానికి సంబంధించినవి. ఆయా ప్రాంతాలలో జనులు తమ అభిరుచిని బట్టి, ఆచారాన్ని బట్టి ఆడుకొనేది దేశి. గ్రంథంలో సరిగ్గా సగభాగాన్ని దేశికి కేటాయించడం జాయప విశాలదృష్టికి నిదర్శనం. రాజాస్థానంలో పెరిగిన పండితుడై ఉండి కూడా అతడు సామాన్యజనుల ఆటపాటలను చిన్నచూపు చూడలేదు. శాస్త్రానికి ఇచ్చిన గౌరవాన్నే వాటికీ ఇచ్చాడు.

రాసకం, చర్చరి, చిందు, కందుకం వంటి నృత్యభేదాలు ఆ దేశి భాగంలో చోటు చేసుకొన్నాయి. కందుకమంటే బంతి. బంతితో ఆడుతూ చేసే నృత్తం కూడా ఆ లక్షణకారుని దృష్టిలో పడింది. వీటన్నింటిలో తెలుగువారికి మిక్కిలి ప్రీతిపాత్రమైనది పేరణి. నేటి వాడుకలో పేరిణి. అది ఉద్ధతమైన పురుషనృత్యం. దానికి శాస్త్రకారులు అయిదు అంగాలు చెప్పారు. పాదాల తాకిడితో కాలిగజ్జెల ధ్వనిని అదుపులో పెట్టి పలికించే ఘర్ఘరం, కష్టసాధ్యమైన కరణాలతో కూడిన విషమం వాటిలో కొన్ని. వందల మువ్వలు కట్టుకొన్న కాళ్లతో నిలిచి, కావలసినన్ని మువ్వలను మాత్రమే మ్రోగించడం ఎంత సాధనకు లభిస్తుందో ఊహించవచ్చు. అటువంటి నేర్పు గ్రంథం చదివినంత మాత్రాన రాదు. గురువు ఎదుట చెమటోడ్చినవానికే వస్తుంది.

ఎనిమిదవ అధ్యాయం ఈ గ్రంథానికి కిరీటం వంటిది. అందులో నృత్యప్రదర్శన ఏర్పాటు చేసే విధానాన్ని జాయప వివరించాడు. ప్రదర్శనకు అనువైన వేళ ఏది, ముఖ్య అతిథిని ఎట్లా ఆహ్వానించాలి, నర్తకి రంగస్థలం మీదికి ఎట్లా ప్రవేశించాలి అన్న విషయాలు అందులో ఉన్నాయి. వాద్యబృందం ఎట్లా ఉండాలన్నదీ, ప్రదర్శన ముగిసిన తరువాత నర్తకిని, వాద్యకారులను, కవిని ఎట్లా సత్కరించాలన్నదీ చేర్చాడు. కళను నేర్పడంతో పని పూర్తి కాదు. నేర్చినవారికి ప్రదర్శించే అవకాశం కల్పించాలి. చూచేవారు మర్యాదతో చూడాలి. చూచిన తరువాత మెచ్చుకొనాలి. ఆ మెప్పు ముందు నిలిచిన నర్తకికే కాక వెనుక కూర్చున్నవారికి కూడా చేరాలి. సభా మర్యాదను శాస్త్రంలో భాగంగా గుర్తించిన జాయపకు పాలకుని అనుభవమూ, శిష్యుని అనుభవమూ రెండూ తోడ్పడ్డాయి.

పాలంపేట శిల్పాలను నృత్తరత్నావళికి రాతిరూపాలని కొందరు వర్ణిస్తారు. కాలక్రమాన్ని గమనిస్తే ఈ మాటను కొంచెం సవరించుకోవలసి ఉంటుంది. రుద్రేశ్వరాలయ ప్రతిష్ఠ 1213లో జరిగింది. గ్రంథం పూర్తి అయింది 1253-54లో. కనుక ఆ శిల్పులు పుస్తకం చూచి చెక్కలేదు. తమ కాలంలో గురువులు నేర్పుతుండగా, నర్తకులు ఆడుతుండగా చూచి చెక్కారు. జాయప కూడా అదే కాలపు గురువు వద్ద నేర్చుకొని రచించాడు. శిల్పానికీ గ్రంథానికీ ఉన్న పోలికకు కారణం ఒకటి మరొకదానికి నకలు కావడం కాదు. రెండూ ఒకే సజీవ సంప్రదాయం నుండి పుట్టడం. ఉలి పట్టినవాడూ, గంటం పట్టినవాడూ చూచినది ఒక్కటే. ఆ కాలపు నాట్యాచార్యులు తమ శిష్యులకు నేర్పిన అడుగులవి.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమై కాకతీయ సామ్రాజ్యం అస్తమించింది. ఆదరించే ప్రభువులు లేరు. గురువులకు వృత్తి లేదు. శిష్యులు చెదరిపోయారు. కాలక్రమంలో పేరిణి నేర్పేవారే లేకుండాపోయారు. గుడి గోడల మీద బొమ్మలు నిలిచి ఉన్నా, ఆ బొమ్మ ముందు అడుగు ఏమిటో, వెనుక అడుగు ఏమిటో చెప్పగలవారు కరువయ్యారు. నృత్తరత్నావళి వ్రాతప్రతి తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో భద్రంగా మిగిలింది. డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరించిన ప్రతిని 1965లో మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ప్రకటించింది. తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెలుగులోనికి అనువదించారు. రచన జరిగిన ఏడు శతాబ్దాల తరువాత జాయప తన తెలుగువారి వద్దకు తెలుగులో వచ్చాడు.

గ్రంథం దొరికింది, శిల్పం ఉన్నది. అయినా నృత్యం లేదు. దానిని మళ్లీ నిలబెట్టడానికి ఒక గురువు కావలసివచ్చింది. ఆ లోటును తీర్చినవారు నటరాజ రామకృష్ణ. 1923లో జన్మించి 2011లో పరమపదించిన ఆ నాట్యాచార్యులు తమ జీవితాన్ని మరుగునపడిన నృత్యరీతుల పునరుద్ధరణకు అంకితం చేశారు. సమాజం విస్మరించిన వృద్ధ నర్తకీమణులను వెదకి, వారిని గురువులుగా గౌరవించి, వారి వద్ద మిగిలిన విద్యను సేకరించారు. నృత్తరత్నావళిని చదివారు. పాలంపేట శిల్పాలను పరిశీలించారు. రాతిలో నిశ్చలంగా ఉన్న భంగిమలకు నడక కూర్చి పేరిణి శివతాండవాన్ని రూపొందించారు. అంతటితో ఆగక యువకులను చేరదీసి నేర్పారు. 1985 మహాశివరాత్రి నాడు రామప్ప గుడి వద్ద ఆ యువకులు పేరిణి నర్తించారు. శతాబ్దాల క్రితం తెగిన గొలుసు గురువు చేతిలో మరల అతుక్కొన్నది.

2021లో యునెస్కో సంస్థ పాలంపేట రుద్రేశ్వరాలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. తెలుగువారికి అది గర్వకారణం. దేశవిదేశాల నుండి యాత్రికులు వచ్చి ఆ శిల్పాలను చూచి ఆనందిస్తున్నారు. అయితే రాయి తనంతట తాను ఏమీ నేర్పదు. చెక్కినవాని చేతికి ఒకనాడు ఎవరో ఉలి పట్టడం నేర్పారు. ఆడినవాని పాదానికి ఎవరో తాళం నేర్పారు. వారి తొలి ప్రయత్నాలు వంకరగానే ఉండి ఉంటాయి. వాటిని చూచి నవ్వక, దిద్ది, మెచ్చుకొని, మరొకసారి చేయించిన గురువుల ఓర్పు ఆ గుడిలోని ప్రతి స్తంభం వెనుక ఉన్నది. పూర్తి అయిన కళను ప్రపంచం మెచ్చుకొంటుంది. పూర్తి కాని కళను మెచ్చుకొనేది గురువొక్కడే.

జాయప చరిత్ర మన విద్యాలయాలకు కూడా వర్తిస్తుంది. చిత్రలేఖనం, సంగీతం, నృత్యం, బొమ్మల తయారీ వంటివాటిని పరీక్షలో మార్కులు రాని పనులుగా భావించడం అనేకచోట్ల అలవాటయింది. పరీక్షలు సమీపించగానే ముందుగా రద్దయ్యేది చిత్రలేఖనపు గంటే. 2020 నాటి జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు ఉండరాదని పేర్కొన్నది. ఆ ఆశయం కాగితం మీద నుండి తరగతిగదిలోనికి రావాలంటే నేర్పే గురువు ఉండాలి. గణపతిదేవుడు చేసినది అదే. కళ గొప్పదని ప్రశంసించి ఊరకొనలేదు. కళను నేర్పేవానికి స్థానం కల్పించాడు. ఒక పాఠశాల తన చిత్రకళోపాధ్యాయునికి ఒక గదిని, కొన్ని రంగులను, వారానికి చెదరని కొన్ని గంటలను ఇస్తే ఆ సంప్రదాయాన్నే కొనసాగించినట్లవుతుంది.

విద్యార్థులు వేసిన చిత్రాలను గోడ మీద ప్రదర్శించడం, వారు నేర్చిన నృత్యాన్ని తల్లిదండ్రుల ముందు ఆడించడం చిన్న పనులుగా కనిపించవచ్చు. జాయప వాటిని చిన్న పనులుగా భావించలేదు. ప్రదర్శనకూ సత్కారానికీ తన గ్రంథంలో ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. తన బొమ్మ క్రింద తన పేరు చూచుకొన్న బాలునికి ఆ రోజు కలిగే ఉత్సాహం అతణ్ణి మరొక బొమ్మ వైపు నడిపిస్తుంది. అందరూ శిల్పులు కానక్కరలేదు, అందరూ నర్తకులు కానక్కరలేదు. జాయప వృత్తిచేత సేనాని. అయినా బాల్యంలో అబ్బిన కళ అతనికి జీవితాంతం తోడు నిలిచింది. వైద్యుడు కాబోయేవానికీ, ఇంజనీరు కాబోయేవానికీ కళ అటువంటి తోడు కాగలదు.

దివిసీమలో ఓడిన వంశపు బాలుడు ఓరుగల్లులో నృత్యవిద్యార్థి అయ్యాడు. చేబ్రోలులో పాలకుడయ్యాడు. చివరకు తెలుగుదేశపు నాట్యశాస్త్రకర్తగా చరిత్రలో నిలిచాడు. అతని ఏనుగుల దళం ఏనాడో మాయమైంది. అతడు కాపాడిన సరిహద్దులు చెరిగిపోయాయి. మిగిలినది గురువు నేర్పిన విద్య ఒక్కటే. విద్య నేర్పినవానిని గౌరవించడం, నేర్చినదాన్ని దాచుకొనక తరువాతి తరానికి అందించడం శిష్యుని ధర్మాలు. ఆ రెండు ధర్మాలను నెరవేర్చి జాయప సేనాని గుండామాత్యుని ఋణం తీర్చుకొన్నాడు. నేడు పేరిణి నేర్చుకొనే ప్రతి విద్యార్థి తొలి అడుగులోనూ ఆ గురుశిష్యులిద్దరూ జీవించే ఉన్నారు.